ఊళ్ళ పరుపు

గుంటూరు,
డిసెంబరు 2.

వెంకటరావమ్మా,

మూడు రోజుల నుంచి నువ్వు ఫోన్ చేస్తున్నావని పక్క కొట్టు ఆవిడ చెప్పింది. చేసి లాభం లేదు. ముప్పై ఏళ్ళు దూది ఏకే మిషను పక్కన కూర్చున్న పుణ్యానికి కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే కాస్త అందుతుంది. మెసేజీలు పెట్టమని మా అమ్మాయి సిద్దికా అంటుంది. నా వేళ్ళు దూదికి అలవాటు పడ్డవి, ఆ అద్దం మీద ఒక అక్షరం నొక్కితే మూడు పడుతున్నాయి. అందుకని కాగితం తీశాను. నువ్వూ కాగితమే తియ్యి.

విషయం చెబుతాను, కూర్చుని చదువు. నేను సైకిలు మీద బయలుదేరుతున్నాను.

మా నాన్న చలికాలం చుట్టు నీకు గుర్తుండే ఉంటుంది. చేలల్లో పత్తి ఇళ్ళకు చేరగానే దూది ఏకే విల్లు సైకిలుకు కట్టుకుని మన పెదనందిపాడులో బయలుదేరేవాడు. పర్చూరు, మార్టూరు, అద్దంకి, ఒంగోలు మీదుగా సింగరాయకొండ దాకా పోయి, అక్కడి నుంచి సముద్రం పక్కగా వాడరేవు చేరేవాడు. ఏకిన ప్రతి ఇంట్లో కూలి కాక ఒక పిడికెడు పత్తి అడిగేవాడు. చుట్టు పూర్తయ్యేసరికి ఆ పిడికెళ్ళన్నీ కలిసి ఒక పరుపయ్యేవి. ఎవరూ లేని బాలింతకో మంచాన పడ్డ ముసలివాళ్ళకో దాన్ని ఇచ్చేసేవాడు. ఊళ్ళ పరుపు అనేవాడు దాన్ని. అందులో ఏది ఎవరింటి పత్తో చెప్పేవాడు కాదు. ఒక ఇంట రెండో పిడికెడు పెట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. 'రెండోది తీసుకుంటే అది మీ పరుపవుద్దమ్మా, ఊళ్ళ పరుపు కాదు' అని మీ అమ్మతో అనడం నేను విన్నాను. అప్పుడు నాకు చెవులు ఉన్నాయి.

పోయిన తుఫానుకు సిద్దికాకు ఎనిమిదో నెల. అది ఉండే వాడరేవులో అందరినీ తుఫాను షెల్టరుకు చేర్చారు. గోడలు గట్టివి, వేళకు అన్నం పెట్టారు, ఎవరినీ తప్పు పట్టేది లేదు. కానీ అది రెండు రోజులు సిమెంటు నేల మీద చీర పరుచుకుని పడుకుంది. పరుపులు కుట్టే దాని కూతురు, వెంకటరావమ్మా. మనవడు చక్కగా పుట్టాడు, ఇప్పుడు పాకుతున్నాడు. ఆ నేల మాత్రం నా వీపుకు తగులుతూనే ఉంది.

అందుకని నాన్న చుట్టు నేను తిరుగుతాను. మళ్ళీ గాలివాన రోజులు వచ్చేలోగా ఆ షెల్టరుకు పన్నెండు ఊళ్ళ పరుపులు కుట్టివ్వాలి. రోజులు మారాయి కాబట్టి పిడికెడు బదులు ఇంటికో ఒడి పత్తి. ఊళ్ళు తిరుగుతూ పోతే మూడొందల కిలోమీటర్లు, రెండొందల ఇళ్ళు. ఆదివారానికి ఒక విడత. సాయంత్రానికి ఏ ఊరు చేరితే ఆ ఊళ్ళో సైకిలు వదిలి బస్సులో కొట్టుకు వచ్చేస్తాను. వచ్చే ఆదివారం అది ఎక్కడ ఆగిందో అక్కడే ఎక్కుతాను. పది విడతల్లో మూడోది మీ ఊరు. సైకిలుకు మీ వసారాలో చోటు చూడు.

నీ
ఖాదర్‌బీ


మద్దిరాలపాలెం,
డిసెంబరు 9.

ఒసే ఖాదర్‌బీ,

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది నీ వ్యవహారం. యాభై నాలుగేళ్ళు నెత్తిన పెట్టుకుని మూడొందల కిలోమీటర్లు తొక్కుతావా? వెనక లారీవాడు హారను కొట్టి కొట్టి చచ్చినా నీకు వినపడదు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. మన దగ్గర అది తిరగబడి, వినపడని నీకు చెప్పే నేనే లోకువయ్యాను.

నీ ఉత్తరం మీ అన్నయ్యకు చదివి వినిపించాను. 'మంచిదేగా' అన్నాడు. మా యలమందయ్యగారికి అన్నీ మంచివే. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం.

మీ నాన్న సైకిలు మీద మనం నేర్చుకున్న రోజులు నాకూ గుర్తున్నాయి. నువ్వు అడ్డతొక్కుడు తొక్కేదానివి, నేను వెనక క్యారియర్ మీద కూర్చునేదాన్ని. రోజు మార్చి రోజు నా వంతు అనుకున్నాం కానీ నా వంతు ఒక్కరోజూ రాలేదు. ఈనాటికీ నాకు తొక్కడం రాదు, కూర్చోవడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు.

నువ్వు ఆగవని తెలుసు. వచ్చి పడు. ఏకై వచ్చి మేకై కూర్చుంటావు, నీ మాటే నెగ్గించుకుంటావు, అదీ తెలుసు. స్కూటర్లకు ఉంటుందే అలాంటి అద్దం ఒకటి హ్యాండిలుకు పెట్టించు. వెనక వచ్చేవాణ్ణి చెవితో కాకపోతే కంటితో చూడు. అద్దం లేకుండా వచ్చావో, గుమ్మం ఎక్కనివ్వను.

వెంకటరావమ్మ


గుంటూరు,
డిసెంబరు 23.

వెంకటరావమ్మా,

అద్దం పెట్టించాను. వెనక లారీలు బాగానే కనపడుతున్నాయి, దాంతో పాటు నా తెల్ల వెంట్రుకలూ కనపడుతున్నాయి.

రెండు విడతలు అయ్యాయి. 'ఊళ్ళ పరుపు. ఇంటికో ఒడి పత్తి. వాడరేవు షెల్టరుకు' అని అట్టముక్క మీద రాయించి మెడలో వేసుకున్నాను. ప్రత్తిపాడు దాటాక ఒకాయన అట్ట చదవకుండానే 'ఎవరికెయ్యాలో మాకు తెలుసులే, పోమ్మా' అన్నాడని పక్కావిడ నా చెవిలో అరిచి చెప్పింది. ఓట్లకు వచ్చాననుకున్నాడు పాపం. చదివాక మాత్రం కుర్చీ వేశాడు, మజ్జిగ ఇచ్చాడు, ఒడి నింపి పంపాడు.

కొన్ని గుమ్మాల్లో తల అడ్డంగా ఊపారు. మంచిదని నమస్కారం పెట్టి కదిలాను. పెదనందిపాడులో మా పాత ఇల్లు లేదు, ఆ జాగాలో మందుల కొట్టు ఉంది. ఎదురింటి మేడ మీద నుంచి ఒకామె దిగివచ్చి 'మీరావలి కూతురివా' అని అట్ట వెనక పెన్సిలుతో రాసింది. అక్కడ కాసేపు కూర్చుని ఏడ్చాను. పత్తి గోతాలు ఆటోలో గుంటూరు పంపుతున్నాను. జిన్నింగు మిల్లాయన గింజ తీసిస్తానని మాట ఇచ్చాడు. దానికి ముందు ఆకూ అలమూ నేనే ఏరుకుంటాను.

రెండో విడతలో వాన పట్టుకుంది. మన నల్లరేగడి సంగతి నీకు చెప్పాలా. బురద మడ్డుగార్డుకూ టైరుకూ మధ్య ఇరుక్కుని చక్రం తిరగనంది. రెండు కిలోమీటర్లు నేనే సైకిలును మోశాను. ఈ ముసురు ఆగగానే మీ ఊరు వస్తాను.

ఖాదర్‌బీ


మద్దిరాలపాలెం,
జనవరి 6.

ఖాదర్‌బీకి,

నువ్వు బస్సెక్కి వెళ్ళి రెండు రోజులు కాలేదు, ఇల్లు బోసిగా ఉంది. నీ సైకిలు వసారాలో భద్రంగా ఉంది. సీటు మీద మా పెట్ట ఎక్కి కూర్చుంటోంది, గుడ్డు పెడితే అది నీ చుట్టులోకే రాసుకో.

ఆదివారం నీ మీద నాకు కోపం వచ్చిన మాట నిజం. నిండు గోతాం తెచ్చి నీ ముందు పెడితే, ఒక్క ఒడి తీసుకుని మిగతాది గుమ్మంలోనే వదిలేశావు. మీ నాన్న కన్నా మొండిదానివి. నీ వయసులో ఉన్నవాళ్ళు మోకాళ్ళ నొప్పులని మంచం దిగరు, నువ్వు చూస్తే ఎండలో ముప్పై కిలోమీటర్లు తొక్కి వచ్చి నాకే కాళ్ళు పట్టావు.

మా ముందు గది అవస్థ చూశావుగా. పోయినేడు అమ్మకుండా ఆపిన, గోతాల్లో తొక్కిన మిరప టిక్కీలు ఒకవైపు, వాన భయానికి తెచ్చి పోసిన ఈ ఏటి పత్తి ఇంకోవైపు. గదిలో అడుగుపెడితే తుమ్ములే తుమ్ములు. మీ అన్నయ్య అటు పోవాలంటే తువ్వాలు కట్టుకుని పోతున్నాడు.

నీ నాలుగో విడత వాగవతల పల్లె కదా. అక్కడ పత్తికి కరువేమీ లేదంట. ఆదివారం తప్పకుండా పో, వాయిదా వెయ్యకు.

వెంకటరావమ్మ


గుంటూరు,
జనవరి 13.

వెంకటరావమ్మా,

ఇలాంటి ఊరు నేను చూడలేదు. వాగు దాటాక చేలు చూసి సైకిలు దిగిపోయాను. నీళ్ళు నిలిచి పత్తి చెట్లన్నీ నల్లబడి ఉన్నాయి. ఇక్కడ ఏం అడుగుతానులే అనుకుంటూ ఊళ్ళోకి పోతే, ప్రతి గుమ్మంలో ఒడి సిద్ధంగా ఉంది. అట్ట చూపించే పని కూడా లేకపోయింది. ఇరవై రెండు ఇళ్ళు, ఇరవై రెండు ఒడులు, అంతా మల్లెపువ్వులాంటి పత్తి. ఆ చేలకూ ఈ పత్తికీ పొంతన లేదు, వానకు ముందే ఏరి దాచుకున్నారు కాబోలు అనుకున్నాను.

ఒక్కటే చిత్రం. ఎవరూ నా కళ్ళలోకి చూడలేదు. గబగబా ఇచ్చి లోపలికి పోయారు. బిడియస్తుల ఊరు అనుకున్నాను. చివరింట్లో హనుమాయమ్మ అని పెద్దావిడ మాత్రం ఒడి ఇచ్చాక నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. అది కుడి చెవి వైపు. నాకు అందేలోపు ఎవరో ఆమెను లోపలికి పిలిచారు.

దారంతా పాడుకుంటూ తొక్కాను. ఎలా పాడానో వినలేదు కాబట్టి బాగానే పాడి ఉంటాను.

ఖాదర్‌బీ


మద్దిరాలపాలెం,
జనవరి 17.

ఖాదర్‌బీకి,

నేను చెప్పలేదూ? మంచి ఊరు అది. అయిపోయిన ఊరి గురించి ఎక్కువ ఆలోచించకు. ఇక వెనక్కి చూడకుండా మార్టూరు దారి పట్టు.

మీ అన్నయ్య అడిగానని రాయమన్నాడు.

వెంకటరావమ్మ


గుంటూరు,
జనవరి 22.

వెంకటరావమ్మకు,

నిన్న నాలుగో విడత గోతాలు విప్పి ఆకులు ఏరడానికి కూర్చున్నాను. మొదటి గోతాంలో చెయ్యి పెట్టగానే తుమ్ము వచ్చింది. పడిశం అనుకున్నాను. రెండో గోతాం విప్పితే నాతోపాటు పక్క కొట్టు ఆవిడకూ తుమ్ములు పట్టుకున్నాయి. మూడో గోతాంలో పత్తి నడుమ ఎండు మిరప తొడిమె దొరికింది.

నాకు చెవులు లేవు గానీ ముక్కు ఉంది, వేళ్ళు ఉన్నాయి. ఇరవై రెండు ఇళ్ళ పత్తి ఇరవై రెండు రకాలుగా ఉండాలి. ఒకరిది పొడుగు పోగు, ఒకరిది పొట్టి, ఒకరింట్లో పొగ వాసన, ఒకరింట్లో గేదెల వాసన. ఇదంతా ఒకే చేనులో ఒకే తీతలో తీసిన పత్తి. ఒకే గదిలో, మిరప టిక్కీల పక్కన పోసిన పత్తి.

ఆ ఊరు నాకు ఏమీ ఇవ్వలేదు. నువ్వే ఇచ్చావు, ఇరవై రెండు చేతులు అరువు తెచ్చుకుని. నేనేమో దారంతా పాడుకుంటూ వచ్చాను.

నాలుగో విడత కాలేదు. మళ్ళీ తొక్కాలి. నీ గోతాలు ఇక్కడ ఉన్నాయి, అన్నయ్యను పంపి తీసుకుపో.

ఖాదర్‌బీ


మద్దిరాలపాలెం,
జనవరి 27.

ఖాదర్‌బీ,

దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టడం అంటే ఇదే. నువ్వు పళ్ళు లెక్కపెట్టడమే కాదు, వాసన కూడా చూశావు.

అవును, నేనే. ఆ ఊళ్ళో వాగు పొంగి చేలన్నీ పోయాయని మీ అన్నయ్య ట్రాక్టరు మీద పోయి చూసి వచ్చాడు. ప్రతి గుమ్మంలో 'లేదు' అంటారు, నువ్వు నమస్కారం పెట్టి కదులుతావు, ఇరవై రెండు సార్లు. ఆ ముఖం పెట్టుకుని బస్సెక్కుతావు. అది నేను ఓర్చుకోలేననిపించింది. శుక్రవారం ఇద్దరం పోయి ఇంటింటికీ ఒక ఒడి పెట్టి వచ్చాం. 'ఆమెకు చెప్పొద్దు, మీదేనని ఇవ్వండి' అని బతిమాలాను. మంచివాళ్ళు, ఒప్పుకున్నారు. ఆ మాయదారి గదిలో పత్తి పోశాను, అదొక్కటే నేను చేసిన తప్పు.

చేతికి వచ్చిన మా పంటలో మచ్చలేనిది అదే. దాన్ని నీకిచ్చాను. తీసుకుపొమ్మని రాయడానికి నీకు చెయ్యి ఎలా వచ్చిందో నాకు తెలియదు. మీ నాన్న నియమం గొప్పదే. నలభై ఏళ్ళ స్నేహం దానికన్నా తక్కువదైతే అదీ రాయి, చదువుతాను.

వెంకటరావమ్మ


గుంటూరు,
జనవరి 31.

వెంకటరావమ్మా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మిషను ముట్టుకోలేదు. నీ చేతిలో ఉన్న మంచి పత్తి అదొక్కటేనని నాకు తెలియదు. తెలిస్తే ఆ ముందు ఉత్తరం అలా రాసేదాన్ని కాదు. నా మాట దురుసైంది. తప్పు ఒప్పుకుంటున్నాను.

కానీ గోతాలు మాత్రం తీసుకోను. నీ పత్తిలో లోపం ఉండి కాదు. నువ్వు ఒక్కదానివే పన్నెండు పరుపులు ఇవ్వగలవు, ఆ మాటకొస్తే అప్పు చేసి నేనూ ఇవ్వగలను. అవి మన పరుపులవుతాయి. ఇవ్వగలిగినవాళ్ళు ఇచ్చిన పరుపు మీద పడుకున్నవాళ్ళు దణ్ణం పెడతారు. ఊళ్ళ పరుపు మీద పడుకుంటే ఎవరికీ దణ్ణం పెట్టనక్కర్లేదు. నాన్న నాకు ఇంతగా విడమరచి చెప్పలేదు, ఈ రెండు రోజుల్లో నాకు నేను చెప్పుకున్నాను.

ఇంకోటి. ఆ హనుమాయమ్మ నా చెయ్యి ఎందుకు పట్టుకుందో నాకు తెలియాలి.

ఎనిమిదో తారీకు ఆదివారం, వదిలిన చోటి నుంచి సైకిలును ఆటోలో వేయించుకుని మీ ఊరు వస్తాను, మళ్ళీ మీ వసారాలో నుంచే మొదలుపెడతాను. వాగు దాకా పెద్ద రోడ్డు, ఆ రోడ్డులో నాకు భయమేసింది. నీకు అప్పుడు రాయలేదు. అద్దంలో కనపడేలోపే రెండు లారీలు పక్కకు వచ్చేశాయి. నా వెనక క్యారియర్ ఖాళీగా ఉంది. కూర్చోవడం నీకు బ్రహ్మాండంగా వచ్చని రాశావు.

ఖాదర్‌బీ


మద్దిరాలపాలెం,
ఫిబ్రవరి 10.

ఖాదర్‌బీకి,

నడుము పట్టేసింది, కూర్చోలేక పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే చూసుకో. ఆదివారం జరిగింది నువ్వు కళ్ళతో చూశావు గానీ సగం మాటలు నీకు అందలేదు. అవి నీకు చేరాలి. అందుకే ఈ ఉత్తరం.

ముందు రోడ్డు సంగతి. మనం బయలుదేరుతుంటే మా వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చింది. 'ఇద్దరమ్మలూ బడికి పోతన్నారా' అని ఎవరో అన్నారు. నేను తలెత్తలేదు. నీ వీపు మీద ఒకసారి తడితే లారీ, రెండుసార్లు తడితే బస్సు అనుకున్నాం కదా. మధ్యలో నేను మూడుసార్లు తట్టాను, నువ్వు వెనక్కి తిరిగి ఏంటని అడిగావు, నేను ఏమీ లేదన్నాను. అది భయానికి తట్టింది. నువ్వు ఆ లారీల పక్కన అంత నిబ్బరంగా తొక్కుతుంటే, ఈ రోడ్డు మీద నువ్వు ఒక్కదానివే పోయి వచ్చావన్నది తలుచుకుని రెండు చేతులా సీటు పట్టుకున్నాను.

మొదటి ఇంటి ఆయన మనల్ని చూడగానే తల దించుకున్నాడు. 'ఆ రోజు ఇచ్చింది మాది కాదమ్మా, ఈవిడగారిదే' అన్నాడు. నువ్వు అతని పెదవులు చూసి 'తెలుసయ్యా. ఇవాళ మీది ఇయ్యండి' అన్నావు. 'మాది వానకి రంగు పోయిందమ్మా. మిల్లోళ్ళు కూడా ముట్టుకోట్లా' అన్నాడు. 'గలేబు లోపల రంగు ఎవరికి కనపడుద్ది?' అన్నావు. అతను లోపలికి పోయి భార్యతో అన్న మాట నీకు వినపడలేదు. 'చూశావటే, మనదే కావాలంట' అన్నాడు. ఏదో బహుమానం వచ్చినవాడిలా అన్నాడు.

అక్కడ నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్ళకు లేదు కదా, నేను పెడతాను అనుకున్నాను. లేనివాళ్ళని ముందే తీర్పు చెప్పేసి, వాళ్ళ చేతుల్లో నాది పెట్టి, వాళ్ళ చేతులు కట్టేశాను. నెల రోజులుగా ఆ ఊరంతా ఆ అబద్ధాన్ని మోస్తోంది. నువ్వు మళ్ళీ గుమ్మం ఎక్కితే గానీ అది దిగలేదు. ఇల్లు ఇల్లూ తిరుగుతుంటే మనుషులు ఎదురు వచ్చారు, నీ కళ్ళలోకి చూశారు. వానకు రంగు మారిన గూడపత్తి ఇచ్చారు, పుల్లలతో ఉన్నది ఇచ్చారు, ఒకామె కొంగు చివర మూటంత ఇచ్చి 'ఇంతే ఉందమ్మా' అంది. నువ్వు అన్నిటినీ ఒకేలా అందుకున్నావు.

హనుమాయమ్మ మాట. ఆ రోజు నీ చెయ్యి పట్టుకుని ఆమె అన్నది ఇదట: 'నా చేతిలో ఉన్నది నాది కాదు తల్లీ, నాకు పుణ్యం అంటగట్టబాక.' ఆమె అరెకరం చేలో ఇసుక మేట వేసింది. పత్తి గింజ కూడా లేదు. మొన్న నువ్వు గుమ్మంలో నిలబడగానే లోపలికి పోయింది కదా, కత్తిపీట చప్పుడు విని నేను వెనకే పోయాను. తను పడుకునే దిండు కోస్తోంది. 'ఎందుకత్తా' అన్నాను. 'ఈ దూది మా చేలోదే, పదేళ్ళ నాటిది. ఇది నాదేగా' అంది. పిడికెడు తీసి, దిండు మళ్ళీ కుట్టి, నీ దగ్గరికి వచ్చింది. నువ్వు దాన్ని కళ్ళకద్దుకున్నావు. ఎక్కడిదో తెలియకుండానే కళ్ళకద్దుకున్నావు.

ఇరవై రెండుకు ఇరవై రెండు, ఖాదర్‌బీ. ఒక్క ఇల్లు కూడా 'లేదు' అనలేదు.

నేను పొగడ్తలు రాసే మనిషిని కాదు. కానీ ఇది రాయకపోతే అబద్ధం అవుతుంది. నిన్ను చూసి నాకు గర్వంగా ఉంది. నీ క్యారియర్ మీద కూర్చున్నందుకు ఇంకా గర్వంగా ఉంది. నా గోతాల గురించి రాసిన ఉత్తరం చించెయ్యి. అవి మా ఇంటికి వచ్చేశాయి. అందులో నుంచి హనుమాయమ్మకు దిండు చేసి పంపుతాను. దిండుకు నియమాలు లేవు కదా.

వెంకటరావమ్మ


వాడరేవు,
మార్చి 23.

వెంకటరావమ్మా,

నిన్నటితో చుట్టు పూర్తయింది. సైకిలు ముందు చక్రం ఇసుకలో దిగాక గానీ నేను సీటు దిగలేదు. సిద్దికా మనవణ్ణి ఎత్తుకుని ఎండు చేపల పందిళ్ళ దగ్గర నిలబడి ఉంది. వాడు నన్ను చూడలేదు, సైకిలు గంట చూశాడు. వాడు గంట కొడుతూనే ఉన్నాడట. వాడి బొటనవేలు కదలడం చూసి నేను విన్నట్టే నవ్వాను.

నీ ఉత్తరం చింపలేదు, కోపంది కూడా చింపలేదు. హనుమాయమ్మ దిండు సంగతి తెలిశాక మిగిలిన ఆరు విడతలూ నా కాళ్ళతో తొక్కలేదు. అద్దంకి ఎండలో ఆమెను తలుచుకున్నాను. ఒంగోలు దాటాక కింద పడి మోకాలు చీరుకుపోయినప్పుడూ ఆమెనే తలుచుకున్నాను. పడిన సంగతి అప్పుడు రాస్తే నువ్వు ట్రాక్టరు వేసుకుని వచ్చేస్తావని దాచాను. ఇప్పుడు మానిపోయింది, తిట్టి లాభం లేదు.

సింగరాయకొండలో చేలు తక్కువ, పత్తి ఎవరింట్లో ఉంటుందిలే అనుకున్నాను. గుడి పూజారిగారి భార్య బాలత్రిపురసుందరిగారు అట్ట రెండుసార్లు చదివి, వత్తులకని డబ్బాలో దాచుకున్న దూది మొత్తం తెచ్చి ఒళ్ళో పోశారు. దేవుడి దీపానిది వద్దండీ అన్నాను. 'దీపం కాస్త చిన్నదైతే స్వామి ఏమీ అనుకోడమ్మా, నువ్వు వెళ్ళిరా' అని నా ఎడమ చెవి వైపుకే వచ్చి మరీ అన్నారు.

రెండొందల నాలుగు ఇళ్ళు అయ్యాయి. వేసవిలో కుట్టడమే. పత్తి అంతా కలిపి ఏకుతాను. నీ ఒడి ఒక్కటి మాత్రం విడిగా పెట్టాను, మూడో విడతలో నీ గుమ్మంలో తీసుకున్నది. ఎందుకని అడగకు.

ఖాదర్‌బీ


మద్దిరాలపాలెం,
జూన్ 20.

ఖాదర్‌బీకి,

పన్నెండు పరుపులూ షెల్టరులో అటక మీదికి చేరాయని సిద్దికా మీ అన్నయ్య ఫోనుకు ఫోటో పంపింది. నీలం గీతల గలేబుల్లో వరసగా ఉంటే పెళ్ళివారి విడిదిలా ఉంది. పెద్దది చేయించి గోడకు పెట్టాం. వచ్చినవాళ్ళకు చూపించి, ఇందులో వాగవతల ఊరు ఉంది, సింగరాయకొండ స్వామి వత్తులు ఉన్నాయి, ఒక దిండు ఉంది అని చెబుతున్నాను.

నా ఒడి ఎక్కడ పెట్టావని ఎంత అడిగినా చెప్పవు. సరే. ఆ పరుపుల అవసరమే రాకూడదని మొక్కుకున్నాను. అంత కష్టపడి చేసినవి వాడకుండా ఉండిపోవాలని మొక్కడం ఎవరైనా విన్నారా.

ఇక్కడ విత్తనాలు వేశాం. ఈసారి పత్తి ఒక గది, మిరప ఒక గది.

వెంకటరావమ్మ


వాడరేవు షెల్టరు,
అక్టోబరు 29.

వెంకటరావమ్మా,

నీ మొక్కు ఫలించలేదు. టీవీలో చూసి కంగారు పడుతూ ఉంటావు, ముందు ఇది రాస్తున్నాను. అందరం క్షేమం. నేను మనవణ్ణి చూడడానికి వచ్చి ఇక్కడే చిక్కుకున్నాను. రెండు రోజులు గాలి గాలిగా లేదంటున్నారు. నాకేం వినపడుతుంది. గోడకు చెయ్యి ఆనిస్తే, గోడ వణకడం తెలిసింది. ఇవాళ పొద్దున్న తెరిపిచ్చింది. పడవలు కొన్ని పోయాయి, మనుషులెవరూ పోలేదు.

పన్నెండు పరుపులూ దింపాం. ముసలివాళ్ళు, జ్వరంతో ఉన్నవాళ్ళు, పన్నెండు రోజుల బాలింత ఒకామె, ఇవాళో రేపో అన్నట్టున్న ఇంకొకామె, వాళ్ళే పడుకున్నారు. ఎవరూ నాకు దణ్ణం పెట్టలేదు. ఈ పరుపులు ఎవరివని కూడా అడగలేదు. నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో. ఆ బాలింత వెల్లకిలా పడుకుని, పిల్లను గుండెల మీద వేసుకుని హాయిగా నిద్రపోయింది. నేను పక్కన సిమెంటు మీదే కూర్చుని చూస్తూ ఉన్నాను. చాలా రోజుల తర్వాత నా వీపుకు ఆ నేల తగలలేదు.

ఇవాళ తెల్లవారాక నా వీపు మీద ఎవరో ఒకసారి తట్టారు. లారీ అనుకుని పక్కకు జరిగాను. చూస్తే ఖుర్షిదా అని మా సిద్దికా వాళ్ళ వీధి ముసలమ్మ, మూలనున్న పరుపు మీద లేచి కూర్చుని తుమ్ముతోంది. ఆగకుండా ఆరు తుమ్ములు తుమ్మింది. కళ్ళు తుడుచుకుని నా ఎడమ చెవి పట్టుకుని అరిచింది, 'ఇందులో మిరపకాయలు కుట్టావా ఏందే? ఎవరింటి పత్తే ఇది?'

గదిలో అందరి భుజాలూ ఊగాయి, నవ్వారన్నమాట. రెండు రోజుల్లో అదే మొదటిసారి.

ఊళ్ళ పరుపులో ఏది ఎవరింటిదో చెప్పకూడదని నాన్న నియమం. అందుకే రెండొందల మూడు ఇళ్ళ పత్తినీ తెలియకుండా కలిపేశాను. నీ ఒడి ఒక్కటే ఆ మూల పరుపుకు తలవైపు విడిగా కుట్టాను. నియమం తప్పానని తెలుసు.

ఖుర్షిదా నా చెవి వదలకుండా కూర్చుంది. నీ పేరు చెప్పాను.

ఖాదర్‌బీ